మగ్దలేనే మరియను ఎవరు ఏడిపించారు?

కొన్నేళ్ళ క్రితం ఈస్టర్ తెల్లవారుజామున ఒక పల్లె చర్చికి వెళ్ళాను. ప్రసంగంలో అయ్యగారు, "వేశ్య అయిన మగ్దలేనే మరియను సైతం ప్రభువు క్షమించాడు" అన్నారు. ఎవరూ తలెత్తలేదు. అందరికీ అలవాటైన మాటే. ఆరాధన అయ్యాక బయట టీ తాగుతుంటే, కూలి చేసి ముగ్గురు పిల్లల్ని పెంచిన ఒక పెద్దావిడ ఆయన దగ్గరికెళ్ళి అడిగింది: "అయ్యగారూ, ఆమె వేశ్యని ఏ సువార్తలో వుందండీ? నేను వెతికాను, కనపళ్ళేదు." ఆయన నవ్వి, "అది అందరికీ తెలిసిందేగా అమ్మా" అన్నారు. ఆవిడ మళ్ళీ మాట్లాడలేదు. గ్లాసు కడిగి పెట్టేసి వెళ్ళిపోయింది.

ఆవిడ చెప్పింది నిజం. ఏ సువార్తలోనూ ఆ మాట లేదు. లూకా ఎనిమిదో అధ్యాయంలో, ఏడు దయ్యాలు వదిలిన స్త్రీగా మగ్దలేనే మరియ కనిపిస్తుంది. యోహన్న, సూసన్న వంటి స్త్రీలతో కలిసి, తమ సొంత డబ్బు ఖర్చుపెట్టి ఏసు బృందాన్ని పోషించింది. నాలుగు సువార్తలూ ఆమెను ఖాళీ సమాధి దగ్గర నిలబెట్టాయి. యోహాను సువార్త ప్రకారం, లేచిన క్రీస్తును మొదట చూసిందీ, ఆ కబురు మిగతావాళ్ళకి చెప్పమని పంపబడిందీ ఆమే. కన్నీళ్ళతో ఏసు పాదాలు తడిపి జుట్టుతో తుడిచిన 'పాపాత్మురాలు' లూకా ఏడో అధ్యాయంలో వస్తుంది. ఆమెకి పేరు లేదు. బేతనియ మరియ ఇంకొకామె.

ఈ ముగ్గురినీ కలిపి ఒక్క మనిషిని చేసింది క్రీ.శ. 591లో రోములో పోప్ గ్రెగొరీ చేసిన ఒక ప్రసంగం. ఏడు దయ్యాలంటే సకల దుర్గుణాలే అన్నాడాయన. ఆ అత్తరు కూడా అంతకుముందు ఆమె తన ఒంటికి పూసుకున్నదేనన్నాడు. తూర్పు సంఘాలు దీన్ని ఒప్పుకోలేదు, ముగ్గురినీ విడివిడిగానే చూశాయి. రోమన్ కాథలిక్కులు 1969లో పండుగల క్యాలెండర్‌ని సవరించినప్పుడు ఆ ముగ్గురినీ విడదీశారు. 2016లో పోప్ ఫ్రాన్సిస్ జులై 22న వచ్చే ఆమె స్మరణ దినాన్ని అపొస్తలుల పండుగల స్థాయికి పెంచాడు. మన పల్లెలకి మాత్రం ఆ కబురు ఇంకా చేరినట్టు లేదు. కాథలిక్కులే కాదు, బైబిలు తప్ప మరో ప్రమాణం లేదనే సంఘాల్లో కూడా గ్రెగొరీ ప్రసంగమే నడుస్తోంది.

ఒక ప్రసంగం పధ్నాలుగు వందల ఏళ్ళు ఎలా బతికింది? చదువురాని జనానికి గోడమీద బొమ్మే బైబిలు. ఆ బొమ్మలు వేసినవాళ్ళూ, వేయించినవాళ్ళూ ఎక్కువమంది మగవాళ్ళు.

మొదట్నుంచీ అలా లేదని చెప్పడానికి ఒక చిన్న బొమ్మ వుంది. పన్నెండో శతాబ్దపు ఇంగ్లండులో తయారైన సెయింట్ ఆల్బన్స్ కీర్తనల గ్రంథంలోది. బొమ్మలో ఒకవైపు మరియ ఒక్కతే నిలబడి వుంది. రెండోవైపు పదకొండుమంది శిష్యులు గుంపుగా ఇరుక్కుని వున్నారు. ఆమె వేలెత్తి చెబుతోంది, వాళ్ళు వింటున్నారు. జుట్టు విరబోసుకోలేదు, మోకరిల్లలేదు. ఈ గ్రంథానికి మార్కియేట్ క్రిస్టీనా అనే స్త్రీతో సంబంధం వుందని చాలామంది పండితులు అంటారు. తల్లిదండ్రులు బలవంతంగా చేయబోయిన పెళ్ళిని ఎదిరించి ఇంట్లోంచి పారిపోయి, ఏళ్ళ తరబడి దాక్కుని, చివరికి సన్యాసినిగా బతికిన మనిషి ఆమె. అలాంటి స్త్రీ చేతుల్లో ఇలాంటి బొమ్మ వుండటం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు.

కాలక్రమంలో కథ మారింది. మరియ ఓడెక్కి ఫ్రాన్సులోని మార్సేకి వెళ్ళి ప్రసంగాలు చేసిందనీ, ఆ తర్వాత ముప్పై ఏళ్ళు అడవిలో తపస్సు చేసిందనీ పుణ్యపురుషుల కథల్లో రాసుకున్నారు. ఆ తపస్సు భాగం, ఈజిప్టు మరియ అనే మరో సాధ్వి కథలోంచి తెచ్చి అతికించింది. గమనించండి, ఈ కథలో కూడా ఆమె ప్రసంగీకురాలే. కానీ చిత్రకారుల కుంచె ఎక్కువగా ఆగింది అడవి దగ్గరే.

ఇటలీలోని ఫ్లోరెన్సులో దొనతెల్లో చెక్కతో మలిచిన మరియ వుంది. పదిహేనో శతాబ్దం నడిమిది. ఎముకల గూడు, ఊడిన పళ్ళు, గుంటలు పడ్డ కళ్ళు, ఒళ్ళంతా కప్పిన జుట్టు. 1966 వరదల్లో ఆ శిల్పం దెబ్బతింటే బాగుచేస్తూ పైపూత తీశారు. అప్పుడు జుట్టుకి వేసిన బంగారు పూత బయటపడింది. ఫోటోలో చూసినా సరే, ఈ శిల్పాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. ఇక్కడ దేహం మగవాడి కంటికి విందు కాదు, అది అనుభవించిన బాధే మనముందుంది. అయినా ఒక మాట అడగాలి. ఏ నేరానికి ఈ శిక్ష?

అదే ఊళ్ళో పిట్టి ప్యాలెస్‌లో తిషియన్ మరియ వుంది. 1530ల నాటిది. ఇక్కడ ఎముకలు లేవు. నిండైన ఒళ్ళు, బంగారు రంగు జుట్టు. ఆ జుట్టుని చేతులతో పట్టుకుని కప్పుకుంటున్నట్టే వుంటుంది గానీ రొమ్ములు కనిపిస్తూనే వుంటాయి. కళ్ళు ఆకాశం వైపు, వాటినిండా నీళ్ళు. అత్తరు కూజామీద చిత్రకారుడి సంతకం. ఈ రకం బొమ్మకి ఎంత గిరాకీ వుండేదంటే తిషియన్, అతని శిష్యులూ మళ్ళీ మళ్ళీ వేశారు. కొన్నది ప్రభువులూ ధనికులూ. ఒకే చట్రంలో వాళ్ళకి ఆడదాని దేహమూ దొరికింది, చూసినందుకు పాపం అంటకుండా భక్తీ దొరికింది. మన పాత సినిమాల్లో క్లబ్ డాన్సర్ రెండు పాటలు పాడి, చివరి రీల్లో హీరో ఒళ్ళో పశ్చాత్తాపంతో ప్రాణం వదిలేది గుర్తుందా? అదే లెక్క.

అదే ప్యాలెస్‌లో ఆర్తెమీసియా జెంతిలెస్కి వేసిన మరియ కూడా వుంది. పసుపు పట్టు బట్టల్లో, అద్దాన్ని పక్కకి నెడుతూ. ఆర్తెమీసియా మీద తండ్రి తోటి చిత్రకారుడొకడు అత్యాచారం చేశాడు. 1612లో రోములో విచారణ జరిగినప్పుడు, ఆమె చెప్పేది నిజమో కాదో తేల్చడానికని ఆమె వేళ్ళకి తాళ్ళు బిగించి హింసించారు. బొమ్మలేసే వేళ్ళకి. ఆమెదే మరో మరియ చిత్రం ఫ్రాన్సులో ఒకరింట్లో పడివుండి 2011లో బయటపడింది. పుర్రె లేదు, అత్తరు కూజా లేదు. తల వెనక్కి వాల్చి, చేతులు మోకాలి చుట్టూ పెనవేసి, కళ్ళు మూసుకుని కూర్చుంది. మనవైపు చూడటం లేదు, ఆకాశంవైపూ చూడటం లేదు. మనం చూస్తున్నామన్న పట్టింపే లేదు.

ఎక్కడో ఐరోపాలో వున్న బొమ్మల గొడవ మనకెందుకని ఎవరైనా అనొచ్చు. బొమ్మలు గోడమీదే వుండిపోతే నేనూ అదే అందును. 1758లో లండన్‌లో 'పశ్చాత్తాపపడే వేశ్యల' కోసం ఒక ఆశ్రమం తెరిచి దానికి మగ్దలేన్ పేరు పెట్టారు. 1767లో డబ్లిన్‌లో మరొకటి వచ్చింది. తర్వాత ఐర్లండులో అవి కాథలిక్ సన్యాసినులు నడిపే చాకిరేవులయ్యాయి. పెళ్ళికాకుండా తల్లులైనవాళ్ళు, అనాథాశ్రమాల్లో పెరిగిన పిల్లలు, ఇంట్లోనే లైంగిక హింసకి గురైనవాళ్ళు, కోర్టులు పంపినవాళ్ళు, అందరినీ అక్కడే పెట్టారు. హోటళ్ళ బట్టలు, ఆస్పత్రుల బట్టలు ఉతికించారు. కూలి లేదు. లోపలికి రాగానే పేరు మార్చేవారనీ, జుట్టు కత్తిరించేవారనీ బతికి బయటపడ్డ స్త్రీలు చెప్పారు. చిత్రకారులు అంత మోజుపడి వేసిన ఆ జుట్టునే. వాళ్ళని పిలిచే మాట కూడా 'పెనిటెంట్లు', అంటే పశ్చాత్తాపం పడేవాళ్ళు. 1993లో డబ్లిన్‌లో అలాంటి ఒక చోట స్థలం అమ్మేసి సమాధులు తవ్వితే 155 మంది అవశేషాలు దొరికాయి. చాలామందికి మరణ ధృవీకరణ పత్రాలు కూడా లేవు. చివరి చాకిరేవు మూతపడింది 1996లో. 1922 నుంచి అప్పటిదాకా దాదాపు పదివేలమంది అక్కడ గడిపారని ప్రభుత్వ నివేదిక తేల్చాక, 2013లో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు.

ఇక మన దగ్గరికి రండి. 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టం పేరు 1986లో మారింది గానీ, అందులో 'ప్రొటెక్టివ్ హోం' వుంది, 'కరెక్టివ్ ఇన్‌స్టిట్యూషన్' వుంది. పదో-ఏ సెక్షన్ కింద నేరం రుజువైన స్త్రీని జైలుకి బదులు దిద్దుబాటు కోసం రెండు నుంచి అయిదేళ్ళు అక్కడ పెట్టొచ్చు. ఈ సెక్షన్ స్త్రీలకి మాత్రమే. మగవాడిని దిద్దే సంస్థ ఆ చట్టంలో లేదు. ఇష్టం లేకుండా హోముల్లో నిర్బంధించిన వయోజన స్త్రీల కేసులు సమీక్షించి వదిలిపెట్టమని 2022 మే 19న సుప్రీంకోర్టు రాష్ట్రాలని ఆదేశించింది. అలా ఆదేశించాల్సి వచ్చిందంటేనే పరిస్థితి అర్థమవుతుంది. ఒక హోంలో సూపరింటెండెంట్ నాతో అన్నమాట నేను మర్చిపోలేను. "వీళ్ళు ఏడవరండీ, అదే సమస్య. ఏడిస్తే మారినట్టు లెక్క."

నా మిత్రురాలొకామె ఒక అభ్యంతరం చెప్పింది. "మరియ వేశ్య కాదు, వేశ్య కాదు అని మీరంత పట్టుబట్టడం వేశ్యలకి అవమానం కాదా? వాళ్ళకంటూ వున్న ఒక్క సాధ్వినీ లాగేసుకుంటున్నారు." ఆలోచిస్తే ఆమె అన్నదాంట్లో నిజం వుంది. మరియ 'శీలాన్ని' నిలబెట్టే పని నాది కాదు. ఆమె వేశ్యే అయివుంటే మాత్రం ఏమిటి? ఆమెకిచ్చిన పని కబురు చెప్పడం. ఆ నోటిమాట తీసేసి అక్కడ కన్నీళ్ళు పెట్టారు. నా గొడవంతా దానిమీదే. మన మధురవాణిని తీసుకోండి. గురజాడ ఆమెకి కన్నీళ్ళకన్నా మాటలు ఎక్కువిచ్చాడు, అందుకే ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆమె మనతో వాదిస్తూనే వుంది.

వేలెత్తి మాట్లాడుతున్న మరియ బొమ్మని జిరాక్సు తీయించాను. నలుపు తెలుపుల్లో అంత బాగా రాలేదు గానీ వేలు మాత్రం స్పష్టంగానే వుంది. వచ్చే నెల ఆ హోంకి మళ్ళీ వెళ్తున్నాం. ఒక కాపీ అక్కడి స్త్రీలకి. ఇంకొకటి ఆ పల్లెలో, గ్లాసు కడిగిపెట్టి వెళ్ళిపోయిన పెద్దావిడకి.