పొట్టు పారేయకండి, సీసా కొనకండి

సూపర్ మార్కెట్‌లో బ్రెడ్డు పెట్టిన అర పక్కనే మయోనీస్ సీసాలు బారులు తీరి ఉంటాయి. పచ్చ చుక్క ఉందా లేదా చూసి, ఉంటే బుట్టలో వేసేసుకుంటున్నాం. పచ్చిగుడ్డుతో చేసే మయోనీస్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాదిపాటు నిషేధించింది. గుడ్డు లేనిదైతే పిల్లలకు ఎంతైనా పెట్టొచ్చన్న మాట అప్పటినుంచి మా కాలనీలో తరచూ వింటున్నాను. క్రిముల భయం వరకైతే ఆ మాట కొంత నిజమే. కానీ ఆ సీసా వెనక్కి తిప్పి చదవండి. ఏ దినుసు బరువు ఎక్కువో దాన్నే ముందు రాయాలని మన దేశంలో నియమం ఉంది. చాలా సీసాల మీద మొదట కనిపించేవి నూనె, నీళ్లు. ఆ తర్వాత చక్కెర, పిండి, ఉప్పు. పిల్లాడి చపాతీకి మనం పూస్తున్నది ప్రధానంగా నూనె.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయినదాన్ని. పిల్లలు బ్రెడ్డు, చపాతీ చుట్టలు తినడం మీద నాకేమీ పేచీ లేదు. వాటిమీద పూయడానికి మన రోటి పచ్చడి ఎందుకు పనికిరాదన్నదే నా ప్రశ్న. అన్నంలో కలుపుకునే పచ్చడిని కాస్త మెత్తగా, కారం తగ్గించి నూరితే చాలు. మా ఇంట్లో బీరపొట్టు, నువ్వులు కలిపి చేసేది అలాంటిదే.

లేత బీరకాయలు రెండు తీసుకుని ఉప్పునీళ్లలో కాసేపు ఉంచి, బాగా రుద్ది కడగండి. గట్టి ఈనెలు చెక్కి పారేయండి. మిగతా పొట్టు కప్పుడు వస్తుంది, ముక్కలు కూరకు పోతాయి. కాయ కోసిన వెంటనే చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడాలి. చేదుగా ఉంటే మొత్తం కాయ పారేయాల్సిందే, పొట్టు కూడా వాడకూడదు. ఆ చేదు కడుపును పాడుచేస్తుంది.

ఇక నువ్వులు. పచ్చడి రుచంతా ఇక్కడే తేలిపోతుంది. మందపాటి మూకుడులో నూనె లేకుండా, సన్నని సెగమీద, కలుపుతూ వేయించాలి. చిటపటమనడం మొదలవగానే పళ్లెంలో పోసెయ్యాలి. దించి మూకుడులోనే వదిలేస్తే ఆ వేడికి మాడి చేదెక్కుతాయి. మూడు పెద్ద చెంచాల నువ్వులు సరిపోతాయి. తర్వాత చెంచా నూనెలో రెండు ఎండుమిరపకాయలు, జీలకర్ర వేయించి తీసి, అదే మూకుడులో పొట్టు పచ్చివాసన పోయేదాకా మగ్గించాలి. మిక్సీలో ముందు నువ్వులు, మిరపకాయలు, జీలకర్ర పొడి కొట్టాలి. నానబెట్టిన కాస్త చింతపండు, రెండు వెల్లుల్లి రెబ్బలు, అరచెంచా ఉప్పు వేసి మళ్లీ తిప్పాలి. పొట్టు పూర్తిగా చల్లారాక చివర్న వేయాలి. పెద్దవాళ్లకు కచ్చాపచ్చాగా ఉండగానే సగం తీసి పక్కన పెట్టి, మిగతాది మెత్తగా తిప్పితే బ్రెడ్డుమీద చక్కగా పరుచుకుంటుంది. ఫ్రిజ్‌లో రెండు రోజులుంచుకోవచ్చు.

నువ్వులు కొనేటప్పుడు పొట్టు ఉన్నవే అడగండి. తెల్లగా మెరిసే పాలిష్ నువ్వులు చూపుకు బాగుంటాయి కానీ, కాల్షియం ఎక్కువగా ఉండేది ఆ పైపొరలోనే. పొట్టు నువ్వులు 100 గ్రాముల్లో వెయ్యి మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. అందులోని ఆక్జలేట్ల వల్ల అదంతా ఒంటికి పట్టదు, పాలకు బదులు ఇదేనని చెప్పను. అయినా పొట్టు తీసినవాటితో పోలిస్తే చాలా మెరుగు. బీరపొట్టులో పీచు సరేసరి. మనం చెత్తబుట్టలో వేసేది, మిల్లులో తీయించేసేది, రెండూ ఈ పచ్చడిలోకి వస్తాయి.

మన పచ్చళ్లన్నీ ఆరోగ్యమేనని కూడా నేననను. నిలవ పచ్చళ్లలో ఉప్పు ఎంత పడుతుందో చెయ్యి తిరిగిన ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. రోజు మొత్తానికి మనిషికి 5 గ్రాములు, అంటే సుమారు ఒక చెంచా ఉప్పు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. సీసాల మీద ఉప్పు బదులు సోడియం అని రాస్తారు. ఆ అంకెను రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పెంతో తెలుస్తుంది. ఇంట్లో నూరుకునే పచ్చడిలో ఉప్పు మన చేతిలో ఉంటుంది, చింతపండు పులుపు తోడుంటే తక్కువ ఉప్పుతోనే రుచి నిలబడుతుంది.

"టైమెక్కడుందండీ?" అని ఉద్యోగాలు చేసే ఆడపిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. రోటి దగ్గర మా అమ్మ పడిన కష్టం మళ్లీ ఎవరి నెత్తినా పెట్టమని నేను అడగను. మిక్సీ వచ్చాక నూరడం నిమిషాల పనే. వేయించడానికి, కడగడానికి ఆడచెయ్యే కావాలని ఎక్కడా లేదు. మా ఇంట్లో నువ్వులు వేయించడం మావారి పని. చిటపట వినగానే దించడంలో నాకంటే ఆయనే నయం.

బడులకు కూడా ఒక మాట. మా మనవడి బడిలో వాసనొచ్చే పదార్థాలు డబ్బాలో పెట్టొద్దని చీటీ పంపారు. వాళ్ల దృష్టిలో వెల్లుల్లి పచ్చడి వాసన, సీసాలోది సువాసన. నేను వెళ్లి క్లాసు టీచరుతో మాట్లాడాను, ఒప్పుకుంది. మిగతా తల్లిదండ్రులూ మొహమాటపడకుండా అడగండి. వెల్లుల్లి మానేసి చేసినా ఈ పచ్చడికి లోటేమీ రాదు కనుక, అవసరమైతే అక్కడ ఒక మెట్టు దిగవచ్చు.

నువ్వులు పడనివాళ్లకు పల్లీలున్నాయి. అయితే ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు ఛాయ ఉన్నవి ఒక్కొక్కటే ఏరెయ్యాలి. ఆ బూజు విషం వేయిస్తే పోయేది కాదు. పల్లీలకూ ఎలర్జీ ఉన్న పిల్లలుంటే కందిపప్పు దోరగా వేయించి, నానబెట్టి, జీలకర్రతో మెత్తగా రుబ్బండి. నీళ్లు కాస్త ఎక్కువ పోసుకోండి, ఆరాక గట్టిపడుతుంది.