మనం చూసిన సినిమాల లిస్టు ఎవడి సొత్తు?

బ్రాడీపేట లైన్లలో రూము తీసుకుని కోచింగ్‌కి పోయే మన పిల్లల్ని చూడండి. నలుగురికీ ఒకటే ఓటీటీ ఖాతా. రాత్రి పుస్తకం మూసి ఏ సినిమా పెట్టారు, ఎక్కడ ఆపారు, ఏది రెండోసారి చూశారు... అంతా కంపెనీ దగ్గర నమోదై ఉంటుంది. ఆ లెక్క రేపు ఇంకొకడి చేతికి పోతే మనకి చెప్పేదెవరు?

"ఏముందిలే, సినిమాలేగా" అంటారా? కులం మీద, అడవి మీద, లాకప్ దెబ్బల మీద తీసిన సినిమాలు వరసబెట్టి చూసినవాడి లిస్టు దొరికితే వాడి మనసు దొరికినట్టే. కులం అడిగి గాని ఇల్లు అద్దెకివ్వని చోట ఇది చిన్న విషయమా?

అమెరికాలో 1987లో రాబర్ట్ బోర్క్ అనే జడ్జిని సుప్రీంకోర్టుకి నామినేట్ చేశారు. ఆయన అద్దెకి తెచ్చుకున్న వీడియో క్యాసెట్ల లిస్టుని ఒక పత్రిక బయటపెట్టింది. అంతే, 1988కల్లా చట్టం వచ్చేసింది. అనుమతి లేకుండా లిస్టు బయటికిస్తే చూసినవాడికి 2,500 డాలర్లకి తగ్గకుండా కోర్టు ఇప్పించొచ్చు. పెద్దమనిషికి తగిలితే ఏడాదిలో చట్టం. మరి మనకో?

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జిలు తేల్చారు. డేటా రక్షణ చట్టం వచ్చేసరికి 2023. నిబంధనలు 2025 నవంబరులో. అసలు హక్కులు చేతికి రావడానికి అక్కణ్ణించి ఇంకో 18 నెలలు! ఆ చట్టం కింద మన సమాచారం ఎవరికిచ్చారో అడగొచ్చు, చెరిపేయమనొచ్చు, అనుమతి వెనక్కి తీసుకోవచ్చు. మంచిదే. కానీ కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా పడినా అది పోయేది ప్రభుత్వ ఖజానాకే. నష్టపోయినోడికి ఆ చట్టం కింద రూపాయి రాదు. పైగా ఫిర్యాదు ఉత్తుత్తిదని తేలిస్తే మనకే 10,000 దాకా జరిమానా.

ఇంకోటి. అనుమతి అడిగే నోటీసు ఇంగ్లీషులో గానీ, ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో గానీ చదువుకునే వీలుండాలట. కోయ, సవర, గోండి, లంబాడీ ఆ షెడ్యూల్లో లేనే లేవు. అర్థంకాని భాషలో నొక్కిన "ఓకే" అనుమతి ఎట్టా అవుతుంది? తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని పొలం రాయించుకున్న షావుకారు చేసిందీ ఇదేగా!

నోటీసు మన భాషల్లో ఇవ్వాలి. పరిహారం నష్టపోయిన మనిషికే దక్కాలి. గోప్యత జడ్జిలకే కాదు, తండా నుంచి వచ్చి బ్రాడీపేట రూములో చదువుకునే పిల్లకీ ఉంది. అది ఎవరి దయా కాదు, హక్కు.