తీపి కారముల కూరగాయల గిన్నె



సుల్తాన్‌పూర్ పరిసరములలో చాలా ఇళ్ళు ఇప్పుడు షిఫ్టుల గంటల ప్రకారమే నడుస్తున్నవి. ఇక్కడి వైద్య పరికరముల పార్కుకు 2017లో శంకుస్థాపన జరిగింది. పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీలు అంతకు ఎన్నో ఏండ్ల ముందునుండే ఉన్నవి. తల్లిదండ్రులిద్దరూ పనికి వెళ్ళే ఇంట, బడినుండి వచ్చిన పిల్లలకు మొదట కనిపించేది కిరాణా దుకాణములో వేలాడే చిప్సు ప్యాకెట్టే. "కూరగాయలు పెడితే తింటలేరు అయ్యగారూ, ఏం చెయ్యాలె?" అని తల్లులు మమ్మును అడుగుతుంటారు.

పిల్లలు ఆ ప్యాకెట్టులో కోరేది కరకర, కారము, కొంచెము తీపి. ఈ మూడు రుచులను మనము కూరగాయలకే ఇవ్వవచ్చును. అందుకు ఓవెన్ అక్కరలేదు, మందపాటి ఇనుప పెనము చాలును.

నలుగురికి అరకిలో కందగడ్డలు, పావుకిలో క్యారెట్లు, చిన్న గోబి పువ్వులో సగము, రెండు ఉల్లిగడ్డలు తీసుకోండి. ముక్కలు కోసే ముందే కడిగి, బట్టతో తడి లేకుండ తుడవండి. కందగడ్డ, క్యారెట్టు ఆలస్యముగా ఉడుకుతాయి గనుక వాటిని చిన్నవిగా కోయాలి. రెండు పెద్ద చెంచాల నూనె, ఉప్పు, పసుపు పట్టించి, పెనము మీద ఒకే వరుసగా పరచండి. గుట్టగా పోస్తే తమ ఆవిరికే మెత్తబడతాయి గాని ఎర్రబడవు. కాబట్టి రెండు వాయిలుగా చేయుట మేలు. గట్టి ముక్కలకు మొదటి ఐదు నిమిషములు మూత పెట్టి, తరువాత తీసి గోబిని, చివరకు ఉల్లిగడ్డను కలపండి. మాటిమాటికి కలియబెట్టక, ఒక వైపు ఎర్రబడిన తరువాతనే తిప్పండి.

వేరొక గిన్నెలో చింతపండు పులుసు నాలుగు చెంచాలు, తురిమిన బెల్లము రెండు చెంచాలు, కారము ఒక చెంచా, దంచిన ఎల్లిపాయలు వేసి చిక్కబడనివ్వండి. పెనము దించిన తరువాతనే దీనిని ముక్కలపై పోయాలి. బెల్లము, కారము ముందే వేస్తే మాడి చేదెక్కుతాయి. పైన వేయించిన నువ్వులు, పల్లీలు చల్లి, అన్నము మీదనో ఉడికించిన జొన్నల మీదనో వడ్డించండి.

క్యారెట్టులోను, నారింజ రంగు కందగడ్డలోను ఉండే బీటా కెరోటినును శరీరము 'ఎ' విటమినుగా మార్చుకొంటుంది. అది లోపిస్తే రేచీకటి వస్తుంది. నూనెతో తింటే అది బాగా ఒంటబడుతుంది. తెల్ల గుజ్జు గడ్డలో అది తక్కువ. కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థవారి 'భూ సోనా' రకములో నూరు గ్రాములకు సుమారు 14 మిల్లీగ్రాములున్నది. మామూలు రకములలో 2 నుండి 3 మాత్రమే. పెరడు ఉన్నవారు ఆ తీగకొరకు విచారించవచ్చును. మధుమేహము ఉన్నవారు మాత్రము బెల్లము మాని, కందగడ్డ తగ్గించి, గోబి పెంచుకోవాలి. బెల్లము కూడ చక్కెర వంటిదే.

చివరగా ఒక మనవి. ఎనిమిది గంటలు నిలువుకాళ్ళ మీద పనిచేసి వచ్చిన తల్లికి ఇది ఇంకొక పని కాకూడదు. ఆ పూట ఇంట్లో ఉన్న తండ్రి ముక్కలు కోయవచ్చును, పెద్ద పిల్లలు పల్లీలు పొట్టు తీయవచ్చును. తన చేతితో చల్లిన నువ్వుల గిన్నెను ఏ పిల్లవాడూ సులభముగా పక్కకు నెట్టడు. షిఫ్టులు కలిసివచ్చే ఒక్క సాయంత్రమైనా ఈ గిన్నె చుట్టు అందరు కూర్చుండి తినండి.