పే స్లిప్పు చదవడం కూడా హక్కుల పనే

వలస వెళ్లే స్త్రీల గురించి మాట్లాడేటప్పుడు మన సంఘాలు సాధారణంగా మూడు విషయాల దగ్గర ఆగిపోతుంటాయి. ఏజెంటు చేసిన మోసం, యజమాని పెట్టిన హింస, ఇంటి దగ్గర మిగిలిపోయిన పిల్లలు. ఈ మూడూ నిజాలే. మూడింటి మీదా మనం చేయాల్సిన పని ఇంకా చాలా ఉంది. కానీ ఆమె వెళ్లిన దేశంలో జీతంలోంచి ప్రతి నెలా కోసుకునే డబ్బు ఎక్కడికి పోతోంది, దానికి బదులుగా ఆమెకు ఏం రావాలి అన్న ప్రశ్న మాత్రం మన సమావేశాల్లో వినపడదు. పన్నులు, పింఛన్లు, భత్యాలు అనేవి ఆడిటర్లో, ఇంట్లో మగవాళ్లో చూసుకునే లెక్కలుగానే ఉండిపోయాయి. స్త్రీ సంపాదించేదీ, లెక్క మరొకరు చూసేదీ అయినప్పుడు ఆ సంపాదన మీద అధికారం ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు.

కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లే స్త్రీల పరిస్థితి మనకు కొంత తెలుసు. అక్కడ జీతం మీద ఆదాయపు పన్ను లేదు. ప్రభుత్వ పింఛను వ్యవస్థలో వలస పనివాళ్లకు చోటూ లేదు. 2015 నాటి 68వ చట్టం ప్రకారం పని ముగించి వచ్చేటప్పుడు, చేసిన ప్రతి సంవత్సరానికి ఒక నెల జీతం చొప్పున యజమాని చెల్లించాలి. ప్రభుత్వంతో లావాదేవీ లేదు కాబట్టి ఆమె హక్కు మొత్తం ఒక్క యజమాని చేతిలో ఇరుక్కుని ఉంటుంది.

బ్రిటన్ తీరు వేరు. అక్కడ ప్రభుత్వం నేరుగా ఆమె జీతంలోంచి తీసుకుంటుంది. మన రెండు రాష్ట్రాల నుంచి నర్సులు ఆ దేశానికి వెళ్తున్నారు. వృద్ధులను, వికలాంగులను చూసుకునే పనికి 2022 ఫిబ్రవరిలో వీసా దారి తెరిచినప్పుడు ఆ పనికీ వెళ్లారు. 2024 మార్చి 11 నుంచి కొత్తగా ఆ పనికి వెళ్లేవాళ్లు భర్తనూ పిల్లలనూ వెంట తీసుకురాకూడదన్నారు. 2025 జూలై 22 నుంచి బయటి దేశాల నుంచి కొత్తవాళ్లను ఆ పనికి తీసుకోవడమే ఆపేశారు. అప్పటికే వెళ్లినవాళ్లు అక్కడే పని చేస్తున్నారు, పన్నులు కడుతున్నారు. అందుకే ఈసారి ఆ దేశపు లెక్క వివరంగా చెప్పాలనుకుంటున్నాను.

ఇంగ్లండ్‌లో ఏడాదికి 25,000 పౌండ్ల జీతం వచ్చే స్త్రీని తీసుకుందాం. 2025-26 లెక్క ప్రకారం మొదటి 12,570 పౌండ్ల మీద ఆదాయపు పన్ను లేదు. మిగిలిన 12,430 మీద 20 శాతం, అంటే 2,486 పౌండ్లు పన్ను. అదే మొత్తం మీద 8 శాతం, అంటే సుమారు 994 పౌండ్లు, నేషనల్ ఇన్సూరెన్స్ చందా. రెండూ కలిపి నెలకు 290 పౌండ్లు. యజమాని కూడా ఆమె పేరు మీద విడిగా చందా కట్టాలి. ఇవన్నీ జీతం చేతికి రాకముందే పోతాయి. అక్కడి పన్ను సంవత్సరం మనలా ఏప్రిల్ 1న కాక ఏప్రిల్ 6న మొదలవుతుంది.

పే స్లిప్పు మీద ఒక మూల చిన్న కోడ్ ఉంటుంది. 1257ఎల్ అని ఉంటే పూర్తి మినహాయింపు ఇస్తున్నారని అర్థం. ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే కాగితంలో ఇది రెండో ఉద్యోగం అన్నట్టు గుర్తు పడితే బి.ఆర్. అనే కోడ్ వస్తుంది. అప్పుడు మినహాయింపు లేకుండా మొత్తం జీతం మీద 20 శాతం కోస్తారు. పైన చెప్పిన స్త్రీకి నెలకు 200 పౌండ్లకు పైగా అదనంగా పోతుంది. అలాగే సంవత్సరం మధ్యలో చేరినవాళ్లకు కూడా సాధారణంగా ఆ సంవత్సరపు పూర్తి మినహాయింపు వర్తిస్తుంది. కానీ కోడ్ చివర ఎం1 అని ఉంటే ఏ నెల లెక్క ఆ నెలకే కడతారు, వాడుకోని మినహాయింపు మిగిలిపోతుంది. ఇలా ఎక్కువ కట్టిన పన్నును ఆ సంవత్సరం ముగిశాక నాలుగేళ్లలోపు వెనక్కి అడగవచ్చు. అడగడానికి కావలసింది పి60 అనే వార్షిక కాగితం. మే 31లోగా యజమాని దాన్ని ఇచ్చి తీరాలి.

పరిశోధన ఉద్యోగం మీద కొంతకాలం ఆ దేశంలో ఉన్నప్పుడు నా మొదటి మూడు పే స్లిప్పుల మీదా ఈ తాత్కాలిక కోడే ఉంది. జీతాల విభాగంలో అడిగితే ‘అదే సర్దుకుంటుంది’ అన్నారు. పన్నుల శాఖకు ఫోన్ చేసి సరిచేయించుకున్నాను. నాకు ఇంగ్లీషు వచ్చు, పగటిపూట ఫోన్ పట్టుకుని నలభై నిమిషాలు కూర్చునే వీలూ ఉంది. పన్నెండు గంటల రాత్రి షిఫ్టు చేసి వచ్చిన స్త్రీకి ఆ నలభై నిమిషాలు ఎక్కడినుంచి వస్తాయి? చట్టం అందరికీ ఒకటే అంటారు గాని, దాన్ని వాడుకోవడానికి పట్టే సమయం అందరికీ ఒకటి కాదు.

ఇక భత్యాల సంగతి. పని వీసా మీద ఉన్నవాళ్లకు ‘ప్రజా నిధులు పొందరాదు’ అనే షరతు ఉంటుంది. దీనికి ఆధారం 1999 నాటి వలస చట్టంలోని 115వ సెక్షను. పిల్లల భత్యం, తక్కువ ఆదాయానికి ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్, ఇంటి అద్దె సాయం ఇవన్నీ ఈ నిషేధంలోకి వస్తాయి. హక్కు లేకుండా తీసుకుంటే వీసా షరతు ఉల్లంఘించినట్టవుతుంది. ఇది అందరికీ తెలుసు, అందరూ భయపడతారు.

తెలియనిది ఏమిటంటే, ఈ నిషేధం అన్నిటికీ వర్తించదు. నేషనల్ ఇన్సూరెన్స్ చందా మీద, ఉద్యోగం మీద వచ్చేవి ప్రజా నిధులు కావు. అవి ఆమె కట్టిన డబ్బుతో, చేసిన పనితో వచ్చే హక్కులు. చట్టబద్ధమైన ప్రసూతి జీతం, జబ్బు చేస్తే వచ్చే జీతం, చందా మీద ఆధారపడిన పింఛను ఇందులో ఉన్నాయి. కాన్పు తేదీకి 15 వారాల ముందు నాటికి అదే యజమాని దగ్గర 26 వారాలు నిండి, కనీస జీతం నిబంధన తీరితే ప్రసూతి జీతం 39 వారాలు రావాలి. మొదటి ఆరు వారాలు సగటు జీతంలో 90 శాతం. అలా నిండకపోయినా, కాన్పుకు ముందు 66 వారాల్లో ఏవైనా 26 వారాలు పని చేసి ఉంటే విడిగా మెటర్నిటీ అలవెన్స్ ఉంది. అదీ ప్రజా నిధి కాదు. పిల్లల బడి, ప్రభుత్వ వైద్యం కూడా కావు. ఇంగ్లండ్‌లో మూడు, నాలుగేళ్ల పిల్లలందరికీ ఇచ్చే వారానికి 15 గంటల ఉచిత సంరక్షణా కాదు.

గర్భం వచ్చిన విషయం ఆరో నెల దాకా దాచిన స్త్రీతో నేను మాట్లాడాను. ‘గవర్నమెంటు డబ్బు ముట్టుకుంటే వీసా పోతుంది’ అని మేనేజరు చెప్పాడట. తనతో ఉన్న తెలుగువాళ్లూ అదే అన్నారు. ఆమె జీతం లేని సెలవు పెట్టుకోవడానికి సిద్ధపడింది. నిజానికి ఆమెకు ప్రసూతి జీతం రావాలి. పైగా స్పాన్సర్ చేసిన ఉద్యోగి ఏడాదిలో నాలుగు వారాలకు మించి జీతం లేకుండా ఉండకూడదన్న నియమం నుంచి ప్రసూతి సెలవును మినహాయించారు. అంటే హక్కుగా తీసుకునే సెలవు ఆమె వీసాను కాపాడుతుంది. భయపడి సొంత కారణాల పేరుతో తీసుకునే సెలవే దాన్ని ప్రమాదంలో పెడుతుంది. ఉద్యోగం పోతే మరో యజమానిని వెతుక్కోవడానికి మామూలుగా ఇచ్చేది 60 రోజులే. ఈ పరిస్థితిలో తప్పుడు సమాచారం కూడా ఒక రకమైన హింసే.

ఈ నిషేధంలో ఉన్న పిల్లల భత్యం చరిత్ర మనం గుర్తుంచుకోదగ్గది. దానికోసం దశాబ్దాల పాటు ఉద్యమించిన ఎలియనార్ రాత్‌బోన్, 1945లో ప్రభుత్వం ఆ డబ్బు తండ్రికి ఇస్తామన్నప్పుడు అంగీకరించలేదు. స్త్రీ సంఘాల ఒత్తిడితో అది తల్లి చేతికి వచ్చింది. 1946 ఆగస్టు నుంచి రెండో బిడ్డ మొదలుకొని ఒక్కొక్కరికి వారానికి ఐదు షిల్లింగులు ఇచ్చారు. బిడ్డను పెంచడం పని అని ఒక రాజ్యం కొంతైనా ఒప్పుకున్న సందర్భం అది. అదే రాత్‌బోన్ 1929లో లండన్‌లో భారత స్త్రీల సమస్యల మీద సదస్సు పెట్టినప్పుడు, మా గురించి మాట్లాడే పెత్తనం మీకెక్కడిదని ధన్వంతి రామారావు నిలదీశారు. ఆ రోజు అడిగిన ప్రశ్న ఇంకా పాతబడలేదు. ఆ దేశపు ముసలివాళ్లకు స్నానం చేయించి, అన్నం తినిపించి, పన్ను కూడా కట్టే తల్లి, ‘తల్లి’ అనే మాటలోకి ఎందుకు రాదు?

పింఛను లెక్క ఇంకా కఠినం. 2016 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న పద్ధతిలో కనీసం పదేళ్ల చందా ఉంటేనే ఎంతో కొంత పింఛను వస్తుంది. పూర్తి పింఛనుకు సాధారణంగా 35 ఏళ్లు కావాలి. తొమ్మిదేళ్లు కట్టి తిరిగివచ్చిన స్త్రీకి ఆ చందా మీద పింఛనుగా ఒక్క పౌండు కూడా రాదు. పదేళ్లు దాటి, ఇక్కడికి వచ్చి పింఛను తీసుకున్నా అది మొదటి రోజు ఎంతో చివరిదాకా అంతే. భారతదేశంలో ఉండేవాళ్లకు ఏటేటా పెంచరు. 2025లో భారత్-బ్రిటన్ వాణిజ్య ఒప్పందంతోపాటు రెండుచోట్లా చందా కట్టే బాధ తప్పిస్తామని రెండు ప్రభుత్వాలూ అంగీకరించాయి. కానీ ఆ వెసులుబాటు ఇక్కడి కంపెనీ తాత్కాలికంగా అక్కడికి పంపే ఉద్యోగులకు. సాఫ్ట్‌వేర్ కంపెనీలకు లాభం చేసే ఏర్పాటు అది. అక్కడి ఆసుపత్రిలో, వృద్ధాశ్రమంలో నేరుగా ఉద్యోగంలో చేరిన స్త్రీలు ఆ లెక్కలో లేరు. ఆ బల్ల దగ్గర వాళ్ల తరఫున కూర్చున్నవాళ్లు లేరు కాబట్టే లేరు.

చందా తక్కువ కడితే చేతికి ఎక్కువ జీతం వస్తుందని కొందరు యజమానులు, ఏజెంట్లు పుస్తకాల్లో చూపకుండా నగదు ఇస్తామంటారు. బ్రిటిష్ స్త్రీలకే ఇలాంటి అనుభవం ఉంది. పెళ్లయిన స్త్రీలు తక్కువ చందాను ఎంచుకునే వీలు 1977 దాకా ఉండేది. భర్త చందా మీద బతుకుతారులే అన్నది దాని వెనక ఊహ. అలా ఎంచుకున్న చాలామందికి ముసలితనంలో తమ పేరు మీద పూర్తి పింఛను లేకుండా పోయింది. భార్య ఆదాయాన్ని భర్త ఆదాయంగా లెక్కగట్టే పద్ధతి కూడా ఆ దేశంలో 1990 ఏప్రిల్ దాకా సాగింది. పన్ను చట్టం ఎప్పుడూ కుటుంబం గురించి ఒక అభిప్రాయంతోనే పుడుతుంది.

ఇంత కఠినమైన లెక్కలోనూ యూనిఫాం ఇంట్లో తామే ఉతుక్కునే నర్సులకు ఏడాదికి 125 పౌండ్లు ఖర్చుగా చూపించే వీలుంది. పన్నులో మిగిలేది 25 పౌండ్లే. అయినా బట్టలు ఉతకడం ఉద్యోగంలో భాగమని పన్నుల శాఖ ఒప్పుకున్న అరుదైన చోటు అది. వృత్తి రిజిస్ట్రేషన్ ఫీజు మీద కూడా పన్ను తగ్గుతుంది. అడగనివాళ్లకు రెండూ రావు.

ఇటువైపు లెక్క కూడా ఉంది. ఉద్యోగానికి విదేశం వెళ్లి, ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులకన్నా తక్కువ ఇక్కడున్న స్త్రీ మన ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో నాన్ రెసిడెంట్. అక్కడ సంపాదించి అక్కడే అందుకున్న జీతం మీద ఆమెకు ఇక్కడ పన్ను లేదు. ఆమె పేరు మీద ఎన్.ఆర్.ఇ. ఖాతా తెరిస్తే ఆ వడ్డీ మీదా పన్ను ఉండదు. కానీ చాలా ఇళ్లలో డబ్బు భర్త ఖాతాకో, మామగారి ఖాతాకో వస్తుంది, వాళ్ల పేరు మీదే స్థలం కొంటారు. అక్కడి ప్రభుత్వం ఆమె సంపాదనను ఆమెదిగా లెక్కగడుతుంటే ఇక్కడి కుటుంబం లెక్కగట్టడం లేదు.

మనం చేయగలిగినవి ఉన్నాయి. మన కార్యకర్తలు వలస వెళ్లే స్త్రీలతో పెట్టే సమావేశాల్లో ఒక పే స్లిప్పు పెద్దదిగా రాసి గోడకు తగిలించండి. కోడ్, పన్ను, చందా, ఇతర కోతలు ఒక్కొక్కటీ చదివించండి. అక్కడి చట్టం ప్రకారం కోతల వివరాలతో పే స్లిప్పు ఇవ్వడం యజమాని బాధ్యత. గంటల జీతమైతే గంటలు కూడా చూపాలి. స్పాన్సర్‌షిప్ ఖర్చు అంటూ ఏదైనా కోత కనపడితే ప్రశ్నించమనండి. పే స్లిప్పులు, పి60, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ఫోటోలు తీసి తమ దగ్గరే ఉంచుకోమని చెప్పండి, భర్త ఫోన్‌లో కాదు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ నర్సులను విదేశాలకు పంపుతున్నాయి. పంపే ముందు ఇచ్చే శిక్షణలో భాషతోపాటు పన్నులు, ప్రసూతి జీతం, పింఛను గురించి తెలుగులో చెప్పాలని ఆ సంస్థలను అడగాలి. ప్రజా నిధులలోకి ఏవి వస్తాయి, ఏవి రావు అన్నది ఒక్క పేజీలో తెలుగులో అచ్చువేసి ఇవ్వాలి. చందా కట్టిన కాలం రెండు దేశాల్లోనూ కలిపి లెక్కగట్టే ఒప్పందం కావాలని కేంద్ర ప్రభుత్వాన్ని అడగాలి.

బ్రిటన్‌లో గాని, మరో దేశంలో గాని పనిచేసి వచ్చిన స్త్రీలు మీ ప్రాంతంలో ఉంటే వాళ్ల అనుభవాలు రాసి పంపండి. రాయలేనివాళ్లు చెబితే మీరు రాసి పెట్టండి, పేర్లు మార్చండి. వచ్చిన వాటినిబట్టి ఆ ఒక్క పేజీ తెలుగు పత్రాన్ని వచ్చే సంచికతోపాటు ఇచ్చే ప్రయత్నం చేస్తాం.