“మొత్తం ఎంత ఉందిరా అబ్బాయీ?”

ఎండుమిరపకాయలకి తొడిమలు తీసే చోట కాసేపు కూర్చుంటే ఊళ్ళో సంగతులన్నీ తెలుస్తాయంటారు మా వైపు. నిజమేనండీ. చేతుల పని చేతులది, నోటి పని నోటిది. ఘాటుకి కళ్ళు మండుతున్నా ముక్కుకి కొంగు కట్టుకుని మరీ మాట్లాడతారు. తాలుకాయ ఒక పక్కకి, మంచికాయ ఒక పక్కకి విసురుతూ కోడలి మీద అత్త, అత్త మీద కోడలు. అంత జాగ్రత్తగా కాయల్ని ఏరేవాళ్ళం, మాటల దగ్గరకొచ్చేసరికి తాలూ మంచీ కలిపి బస్తాకెత్తేస్తాం. నేనూ అంతే, మిమ్మల్ని అనడం కాదు.

మన తెలుగులో మాటని ఏమేం చేస్తామో ఎప్పుడైనా గమనించారా? ఇస్తాం, తప్పుతాం, జారతాం, మింగుతాం. అన్నిటికంటే బరువైనది ‘పడటం’. “ఇన్నేళ్ళ కాపురంలో ఒకరిచేత మాట పడలేదు” అని గొప్పగా చెప్పుకుంటారు గుంటూరు, ప్రకాశం రైతు ఇళ్ళల్లో. పరువంటే అదే వాళ్ళకి. అప్పుండటం తప్పు కాదు. పత్తి, మిరప వేసేవాడికి అప్పు లేనిదే విత్తనం కూడా ఇంటికి రాదు. ఆ అప్పు గురించి నలుగురిలో అనిపించుకోవడమే తలవంపులు. బయటివాడు అంటే ఎలాగో ఓర్చుకుంటారు. ఇంట్లోవాళ్ళు అంటేనే కష్టం.

మీకో ఇంటి సంగతి చెబుతాను. పేర్లు వద్దులెండి.

2021 చివర్లో మిరప తోటలకి కొత్తరకం తామర పురుగు పట్టింది, గుర్తుందిగా? నల్లగా, కంటికి ఆనీ ఆననంత ఉండేది. పువ్వులో చేరి పూతంతా రాల్చేసింది. ఎన్ని మందులు కొట్టినా లొంగక, నిలువునా ఉన్న తోటల్ని దున్నేసినవాళ్ళున్నారు. వినుకొండ వైపు (అప్పటికింకా గుంటూరు జిల్లాయే, పల్నాడు జిల్లా కాలేదు) మాకు బాగా కావలసిన కుటుంబం ఒకటుంది. ఆ అబ్బాయి నాలుగెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేశాడు. తోట పోయింది. ఆ సంక్రాంతికి తోడల్లుడు కొత్త కారేసుకుని వచ్చాడు. కారు వెళ్ళిపోయాక, రాత్రి అన్నం వడ్డిస్తూ ఆ పిల్ల అన్నది ఒకే ఒక్క మాట.

“మా బావా మగాడే, నువ్వూ మగాడివే.”

అరవలేదట. కోపంగా కూడా అనలేదట. పొద్దుటి నుంచీ పిండివంటలూ, మర్యాదలూ చేసి చేసి, నీరసంతో నోటికొచ్చింది. అతను కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు తమ్ముణ్ణి పిలిచి చీటీ కట్టాల్సిన సంగతీ, గేదె దాణా సంగతీ అన్నీ అప్పజెబుతుంటే వాళ్ళమ్మకి అనుమానం వచ్చింది. అక్షరం ముక్క రాని మనిషి ఆవిడ. వెళ్ళి వాడి మంచం మీద కూర్చుని, “మొత్తం ఎంత ఉందిరా అబ్బాయీ?” అని అడిగింది.

“నీకెందుకే అమ్మా.”

“నాకు చెప్పబాక. గోడకి చెప్పు, నేను వింటా.”

చాలాసేపటికి గోడ వైపు చూస్తూనే చెప్పాడు. ఆరు లక్షల నలభై వేలు. పురుగుమందుల కొట్లో ఇంత, నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇంత, కౌలు ఇంత. గుమ్మంలో నిలబడ్డ భార్యకి తెలిసింది లక్షన్నర మాత్రమే! ఆవిడ అక్కడితో ఆగలేదు. “చచ్చిపోవాలనిపిస్తోందా?” అని అడిగేసింది, జ్వరముందా అని అడిగినట్టు. అప్పుడు ఏడ్చాడట. పెళ్ళయ్యాక మొగుడు ఏడవడం ఆ పిల్ల చూడటం అదే మొదలు.

ఒక్క మాటకి అంత బలముంటుందా అని పల్నాటివాళ్ళని అడగండి, నవ్వుతారు. కార్తీకంలో కారంపూడి వీరుల ఉత్సవాలకి వెళ్ళినవాళ్ళకి బాలచంద్రుడి కథ చెప్పక్కర్లేదు. పెద్దవాళ్ళు పిల్లవాణ్ణి యుద్ధానికి రానీయకుండా ఇంటి దగ్గర ఉంచారు. బొంగరాలాడుతుంటే ఒక బొంగరం వెళ్ళి ఒకావిడ కాలికి తగిలింది. నొప్పిమీద ఆవిడ దెప్పింది: నీవాళ్ళంతా రణరంగంలో ఉంటే నువ్విక్కడ బొంగరాలాడుతున్నావా అని. అంతే, బయల్దేరాడు. ఆ యుద్ధం ఆవిడ తెచ్చింది కాదు, పెద్దల పంతాలతో ఎప్పుడో మొదలైంది. ఆవిడ మాట ఒక కుర్రవాణ్ణి అందులోకి తోసింది, అంతవరకే.

వినుకొండ పిల్ల మాట కూడా అంతే. అప్పు తెచ్చింది ఆ మాట కాదు. అయినా ఈ సంగతి విన్నవాళ్ళందరూ “దాని నోరే దాని కొంప ముంచబోయింది” అన్నారు. నేను ఒప్పుకోను. పత్తి తీతకి వెళ్ళేది ఆమె, కలుపు తీసేది ఆమె, కల్లంలో కాయ తిరగేసేది ఆమె. టిక్కీలు గుంటూరు యార్డుకి వెళ్ళాక కాటా చీటీ మాత్రం ఆయనగారి చొక్కా జేబులో ఉండిపోతుంది. ఎంతొచ్చింది, ఎంత పోయింది అని అడిగితే “నీకెందుకు” అనే జవాబు పదేళ్ళుగా వింటోంది. నాలుగక్షరాల మాట అది, కానీ నా లెక్కలో ఆమె అన్న మాట కంటే ఇదే పెద్దది. మోస్తున్న బరువెంతో తెలియనివ్వకుండా ఆమె మాత్రం తూచి మాట్లాడాలంటే ఎలా?

ఈ జిల్లాల్లో ఇది కొత్త కథ కాదు. 1987లో తెల్లదోమ పత్తిని పాడుచేసినప్పుడు ప్రకాశం, గుంటూరు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 1997-98లో మళ్ళీ, ఈసారి వరంగల్ వైపు ఇంకా ఎక్కువమంది. భర్త పోయాక అప్పులవాళ్ళు గడప దగ్గరికొస్తేగాని బాకీ ఎంతో తెలియని ఆడవాళ్ళు ఎందరో. అప్పటికే తల పగిలేంత దుఃఖంలో ఉంటే, ఊరు ఇంకోమాట అంటిస్తుంది: “మొగుడూ పెళ్ళాలకి పడేది కాదుటగా!”

ఈ మాట ఖరీదు మీకు తెలుసా? 2004లో ప్రభుత్వం 421 నంబరు జీవో ఇచ్చింది. అప్పుల బాధతో ప్రాణం తీసుకున్న రైతు కుటుంబానికి సాయం అందాలంటే ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయాధికారి కలిసి విచారించి, చావుకి కారణం సేద్యమేనని తేల్చాలి. కాగితం మీద ‘కుటుంబ కలహాలు’ అని పడిందంటే ఆ తల్లికీ పిల్లలకీ చిల్లిగవ్వ రాదు. కుళాయి దగ్గర కాలక్షేపానికి అనుకున్న మాట రెవెన్యూ ఫైలులోకి ఎక్కి కూర్చుంటుంది. కలహం లేని ఇల్లు ఏదండీ? పురుగూ, ధరా, వడ్డీ, కౌలూ అన్నీ కలిసి చేసినదాన్ని ఒక ఆడదాని నోటికి అంటగట్టడం అన్యాయం. మీ వీధిలో ఎవరైనా ఈ మాట ఎత్తితే అక్కడే ఆపండి.

పిల్లల సంగతి కూడా ఒకటి చెప్పి ముందుకెళతాను. గుంటూరు హాస్టల్లో ఉన్న పిల్లతో ఫోన్లో “నీ ఫీజు కోసమే నూటికి మూడు రూపాయలకి తెచ్చామమ్మా, మార్కులు తగ్గితే చూసుకో” అనే నాన్నలూ అమ్మలూ ఉన్నారు. ఇంటి పరిస్థితి పిల్లలకి చెప్పండి, తప్పులేదు. కానీ బాకీపత్రం వాళ్ళ పేర రాయకండి.

ఇంతకీ ఏం చెయ్యమంటారు అంటారా? అడగమంటాను. ఎంత ఉంది, ఎవరెవరికి ఉంది అని. అన్నం దగ్గర వద్దు, అప్పులాయన వచ్చి వెళ్ళిన వెంటనే వద్దు. అడిగాక చెప్పనివ్వండి. అంకె వినగానే “అయ్యో, అంతా!” అని గుండెలు బాదుకుంటే ఈ జన్మలో మళ్ళీ చెప్పడు. “నా పుట్టింటి బంగారం కూడా మింగావు” అనాలని నాలుక చివరిదాకా వస్తుంది. ఆ రోజుకి ఆపండి. ఎదురుగా చెప్పుకోలేని మొగుడూ పెళ్ళాలైతే కాగితం మీద రాసుకోండి, నవ్వకండి. బాపట్లలో కనుపర్తి వరలక్ష్మమ్మగారు ‘గృహలక్ష్మి’ పత్రికలో ‘శారద లేఖలు’ అని ఆడవాళ్ళ సమస్యలన్నీ స్నేహితురాలికి ఉత్తరాలు రాస్తున్నట్టే రాశారు. ముఖాన అనలేనిది ఉత్తరంలో ఒదుగుతుంది.

మనిషి ముభావంగా అయిపోయి, అన్నీ అప్పజెప్పే ధోరణిలో ఉంటే, ఆ ముసలావిడ అడిగినట్టే సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనకో భయం. అలా పుట్టదని మానసిక వైద్యులు చెబుతారు, పైగా బరువు దిగుతుందట. పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచకండి, తాళం వేసి తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి. మనిషిని ఒంటరిగా వదలకండి. 14416 టెలిమానస్ నంబరుకి ఫోన్ చెయ్యండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రయినా సరే. ఈ నంబరు క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి.

వినుకొండ వాళ్ళకి అప్పు ఒక్కరోజులో తీరలేదు, గేదె పోయింది, రెండు గాజులూ పోయాయి. కొట్టాయనతో వాయిదాల సంగతి మాట్లాడింది ఆ పిల్లే. లెక్క పుస్తకం ఇప్పుడు పోపులపెట్టె పక్కన ఉంటుంది. నోరు మాత్రం తగ్గలేదు, అత్తాకోడళ్ళు ఇప్పటికీ పోట్లాడుకుంటారు. మొన్న ఫోన్ చేసి ఈ సంగతి రాసుకోనా అని అడిగితే, “రాసుకోండి పిన్నీ, పేరు పెట్టబాకండి” అని, నేను అడగకముందే చెప్పింది:

“ఇంకా లక్షా పదివేలుందండీ. మందుల కొట్టుది అయిపోయింది.”