సిల్వర్ పెయింట్ చాలదు

సంపాదకులకు,

కారు ఎగ్జాస్ట్ హెడర్‌కు 'ఏదో ఒక సిల్వర్ పెయింట్ రెండు పూతలు వేస్తే చాలు' అని గత సంచికలో రాశారు. చాలదండీ. గేటుకు వేసే ఎనామిల్ ఆ వేడికి మాడి, పొక్కులు లేచి రాలిపోతుంది. సిలికాన్ రెసిన్‌లో అల్యూమినియం పొడి కలిపిన రకాలు సుమారు 600 డిగ్రీలదాకా తట్టుకుంటాయి. ట్రాక్టర్ సైలెన్సర్‌కు అవి సరిపోతాయి. లోడు మీద పెట్రోలు కారు హెడర్ 700 కూడా దాటొచ్చు. దానికి సెరామిక్ కోటింగే మేలు, ఖరీదైనా సరే.

మీరు అసలు ముట్టుకోనిది పూత వేసే పద్ధతి. తుప్పు, గ్రీజు పూర్తిగా పోవాలి. మామూలు ప్రైమర్ అడుగున వేయకూడదు. పూత పల్చగా ఉండాలి. చేతికి అంటకపోయినా ఈ సిలికాన్ పెయింటు ఇంకా పచ్చిదే. చాలా రకాలు 200 డిగ్రీల వేడి తగిలితేగానీ గట్టిపడవు. అందుకే ఇంజను కాసేపు నడిపి, చల్లారనిచ్చి, మళ్లీ నడపాలి. డబ్బా మీద రాసే ఉంటుంది, చదివేదెవరు!

ఇక వేడి బయటికి రాకుండా హెడర్‌కు గుడ్డ చుట్టమన్న మీ సలహా మా ముసునూరు వైపు బొత్తిగా పనికిరాదు. మామిడితోటల్లో మా బండ్లు వేసవిలో ఎండుటాకుల మీద, తొలకరి తర్వాత బురదలో తిరుగుతాయి. ఆ చుట్టు తడిని పట్టి ఉంచి ఇనుమును తినేస్తుంది. ఆయిల్ పీల్చుకుంటే అంటుకుంటుంది కూడా. ఆ ఒక్క పేరాకైనా సవరణ వేయండి.

— ఒక పాఠకుడు, ముసునూరు, ఏలూరు జిల్లా