చదువూ తాలీమే, ఆటా తాలీమే

ఉర్దూలో 'తాలీమ్' అంటే విద్య. మన తెలంగాణ ఊళ్ళలో 'తాలీం' అంటే కసరత్తు; 'తాలీంఖానా' అంటే కుస్తీ పట్టే చోటు. ఈ సంచికలో ఉర్దూ పుటలు తిరగవేసేవారికి మొదటి అర్థం, తెలుగు పుటలు చదివేవారికి రెండవ అర్థం ముందుగా తోచవచ్చు. మాట మాత్రం ఒక్కటే. బుద్ధికిచ్చే శిక్షణకు, దేహానికిచ్చే శిక్షణకు మన పెద్దలు వేరువేరు పేర్లు వెదకలేదు. మన కళాశాలలో మాత్రం ఈ రెండింటి నడుమ ఒక గోడ లేస్తున్నది. దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచాము.

ఈ సంవత్సరం మన ఫుట్‌బాల్ జట్టు విషయమై రెండు వాదాలు వినిపించాయి. మనది చదువుకు కట్టుబడిన కళాశాల, 75 శాతం హాజరు తప్పనిసరి, పరీక్షలు కఠినం, బంతికి పెట్టే రూపాయి ప్రయోగశాలకో గ్రంథాలయానికో పెడితే మేలు, కావున జట్టును ఎత్తివేయవలెనని ఒక వాదం. గెలిచే జట్టు ఉంటే కళాశాలకు పేరు వస్తుంది, ప్రవేశాల కాలంలో కరపత్రం మీద కప్పు పట్టుకొన్న ఫోటో వేయవచ్చు, కనుక ఎక్కడినుండైనా మంచి ఆటగాళ్ళను తెచ్చి చేర్చుకొనవలెనని మరొక వాదం.

పైకి చూస్తే ఇవి పరస్పర విరుద్ధాలు. లోతుగా చూస్తే రెండింటిలోనూ ఉన్న పొరపాటు ఒక్కటే. ఆట చదువుకు వెలుపలి వస్తువని ఇరువురూ నమ్ముతున్నారు. ఒకరు దానిని దుబారా అంటున్నారు, మరొకరు దానిని ప్రకటన బోర్డుగా చూస్తున్నారు. మేము రెండింటినీ అంగీకరించలేకున్నాము.

ఈ తగవు మనతో పుట్టినది కాదు. అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయం చదువుకు ఎంత పేరు పొందినదో ఒకప్పుడు ఆటకూ అంత పేరు పొందినది. అక్కడి ఫుట్‌బాల్ మనం ఆడే ఆట కాదు. అండాకారపు బంతిని చేతబట్టి పరుగెత్తే వేరొక ఆట. అయినను చిక్కు మాత్రం మనదే. ఆ దేశపు కళాశాల ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైన హైస్‌మన్ బహుమతిని 1935లో మొట్టమొదట పొందిన జే బెర్వాంగర్ ఆ విశ్వవిద్యాలయపు విద్యార్థియే. నాలుగేండ్లు తిరగగానే, 1939 డిసెంబరులో, అధ్యక్షుడు రాబర్ట్ హచిన్స్ హయాంలో ఆ జట్టునే రద్దు చేశారు. ఆటను వ్యాపారంగా మార్చుట విద్యాసంస్థకు తగదని ఆయన వాదం. 1942 డిసెంబరు 2న అదే క్రీడాస్థలపు మెట్ల క్రింద ఎన్రికో ఫెర్మీ బృందం మానవ ప్రయత్నంతో జరిగిన తొలి అణుశక్తి గొలుసు చర్యను సాధించినది.

కథ ఇక్కడ ముగిస్తే జట్టును ఎత్తివేయవలెనన్న మన మిత్రులు సంతోషిస్తారు. కాని ముగియలేదు. 1969లో ఆ విశ్వవిద్యాలయం తన జట్టును మరల నిలుపుకొన్నది. ఈసారి చిన్న స్థాయిలో, ఆటకొరకై ఉపకారవేతనాలు ఇవ్వని కళాశాలల సరసన నిలిచినది. హార్వర్డ్, యేల్ మొదలైన ఎనిమిది విశ్వవిద్యాలయాలు 1954లో ఒక ఒడంబడిక చేసుకొని, ఆట ఆడినందుకని ఎవరికీ ఉపకారవేతనం ఇవ్వరాదని నిశ్చయించుకొన్నాయి. అయినా ఆట మానలేదు. గొప్ప చదువు గల చోట ఆటకు తావు కలదు. దానికి హద్దు, లెక్క ఉండవలెను. ఈ కథనుండి మనం గ్రహించవలసినది ఇంతే.

హద్దు తప్పితే ఏమగునో మేము కండ్లార చూచితిమి. మా విద్యార్థి దశలో ఒకానొక కళాశాల టోర్నమెంటులో షీల్డు గెలువవలెనని పట్టుబట్టినది. ముగ్గురు నలుగురు బయటి ఆటగాళ్ళ పేర్లు రిజిస్టరులో ఎక్కించారు. షీల్డు వచ్చినది, ఫోటో అచ్చయినది. ఆ ఆటగాళ్ళు పరీక్ష హాలులో ఎవరికీ కనబడలేదు. మా మిత్రుడొకడు ఏడాది పొడుగునా తెల్లవారక ముందే లేచి, చెప్పులు లేని కాళ్ళతో సాధన చేసినవాడు, ఆ పోటీ జరిగినంతసేపు గీత అవతల నీళ్ళ సీసాలు పట్టుకొని కూర్చున్నాడు. ఆ తరువాత వాడు మైదానం వైపు తిరిగి చూడలేదు. షీల్డు ఇప్పటికీ ఏదో బీరువాలో ఉండవచ్చు. పోయిన విద్యార్థి తిరిగి రాలేదు. పైన పటారం, లోన లొటారం అని మన పెద్దలు అన్నది ఇట్టి గెలుపును గూర్చియే.

ఇక మన గడ్డ మీది ఉదాహరణను చూతము. సయ్యద్ అబ్దుల్ రహీం పేరు వినని విద్యార్థి ఉంటే ఇప్పుడైనా వినవలెను. 2024లో వచ్చిన 'మైదాన్' అనే హిందీ చలనచిత్రం ఆయన జీవితం మీద తీసినదే. 1909లో హైదరాబాదులో జన్మించిన రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, బడిపంతులుగా పనిచేసినవాడు. అందుకే ఆయనను చివరివరకు 'రహీం సాబ్' అని గురువును పిలిచినట్లే పిలిచారు. 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు ఆయన శిక్షకుడు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచినది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో న్యూఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఏషియన్ క్రీడల స్వర్ణ పతకాలు సాధించినది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందినది. జకార్తా ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2-1 గోల్స్ తేడాతో ఓడించిన నాటికే ఆయన కేన్సరుతో బాధపడుతున్నాడు. 1963 జూన్ 11న కన్నుమూశాడు.

దేశానికి ఇంతటి కీర్తి తెచ్చినవాడు మొదట ఒక ఉపాధ్యాయుడు. పాఠం చెప్పినట్లే ఆటను చెప్పెను. రోజూ సాధన, క్రమశిక్షణ, ఒకరికొకరు బంతి అందించుకొనుట ఆయన పద్ధతి. వీటిలో ఏ ఒక్కటీ డబ్బుతో కొనేది కాదు.

డబ్బుతో మాత్రమే నిలిపినది ఎన్నాళ్ళు నిలుచునో కూడ మనమే చూచితిమి. 2019లో హైదరాబాదు పేరిట ఒక వృత్తి క్లబ్బు ఏర్పడినది. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచి మనందరినీ మురిపించినది. ఆపై ఆర్థికపు చిక్కులలో పడి, 2025లో హైదరాబాదును విడిచి ఢిల్లీకి తరలిపోయినది. ఆటగాళ్ళను నిందించుట మా ఉద్దేశం కాదు. వారు చెమటోడ్చి ఆడారు. వేరు నేలలోకి దిగనిదే చెట్టు నిలువదని మాత్రమే మా మాట. నేల విడిచి సాము చేయరాదు.

మన నేల ఏది? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్. 2016 అక్టోబరులో మూడు జిల్లాలైనను, అంతకు ముందు అన్నీ ఒకే పాలమూరు. మన విద్యార్థులలో చేనేత మగ్గం ఇండ్లవారు, పత్తి విత్తనపు చేలలో సెలవులకు పని చేసేవారు, తండ్రి వలస పోగా అమ్మమ్మ ఇంట పెరిగినవారు ఉన్నారు. వీరికి పెద్ద స్టేడియం అక్కరలేదు. చదును చేసిన నేల, 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు గల రెండు గోలు స్తంభాల జతలు, ఐదవ నెంబరు బంతులు కొన్ని, కాళ్ళకు బూట్లు, ఆట ముగియగానే గుడ్డు, అరటిపండు, పాలు, ప్రయాణపు ఖర్చు, వారానికి కొన్ని రోజులైనా వచ్చే శిక్షకుడు: ఇవి మొదటి అవసరాలు. రంగు దుస్తులు, జెండాలు, బహుమతి సభలు తరువాతివి. మన ఖర్చు ఈ వరుసలోనే జరగవలెనని మా మనవి.

ధనం ఎక్కడినుండి వచ్చును? ఒక్క చేతినుండి రాకూడదన్నది మా అభిప్రాయం. ఒక్కరే పోషించిన జట్టు ఆ ఒక్కరి మనసు మారినప్పుడు కూలిపోతుంది. 'చందా' అనే మాట ఉర్దూకు, తెలుగుకు ఉమ్మడి సొత్తు. మన పూర్వ విద్యార్థులలో 400 మంది నెలకు 50 రూపాయలు ఇచ్చారనుకొందము. నెలకు 20,000, ఏడాదికి 2,40,000 రూపాయలు అవుతుంది. ఒక ప్లేటు బిర్యానీ వెలకు మించని చందా ఇది. దీనితో బంతులు, బూట్లు, పాలు, ప్రయాణం చాలవరకు గడచును. శిక్షకుని వేతనాన్ని మాత్రం పాలకవర్గం తన బడ్జెట్టులోనే చూపవలెను. గురువు జీతం చందాల మీద ఆధారపడరాదు.

పెద్ద కంపెనీల సహాయానికి కూడ దారి కలదు. 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం నిర్ణీత పరిమితికి మించిన కంపెనీలు గత మూడేండ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక కార్యాలకు వెచ్చించవలెను. గ్రామీణ క్రీడలకు, ఒలింపిక్ క్రీడలకు ఇచ్చే శిక్షణ ఆ జాబితాలో ఉన్నది. 2021 ఏప్రిల్ 1 నుండి ఇట్టి నిధులు స్వీకరించే సంస్థ ముందుగా కేంద్ర ప్రభుత్వం వద్ద నమోదు కావలసి యున్నది. పాలకవర్గం ఈ కాగితపు పనిని ఇప్పుడే మొదలుపెట్టుట మంచిది. అయితే ఆ నిధిని మైదానం చదును, ప్రహరీ, నీటి వసతి వంటి నిలిచే పనులకే వాడవలెను. రేపు అది ఆగినా మైదానం మిగులుతుంది.

అన్నిటికంటె ముఖ్యం లెక్క. వచ్చిన ప్రతి రూపాయి, పోయిన ప్రతి రూపాయి నెలనెలా ఉర్దూలోను, తెలుగులోను వ్రాసి నోటీసు బోర్డు మీద అంటించవలెను. దాచిన లెక్క దాతను దూరం చేస్తుంది. చూపిన లెక్క దాతను మరల పిలుస్తుంది. మాకు తెలిసినంతలో దీనిని మించిన ప్రచారం లేదు.

ప్రచారం మాట వచ్చినది గనుక మరొక విషయం. ప్రవేశాల కరపత్రం మీద కప్పు ఫోటో వేయుటకు మేము వ్యతిరేకులం కాము. ఆ ఫోటో క్రింద ప్రతి ఆటగాని పేరు, తరగతి, అతడు ఆ ఏడు ఉత్తీర్ణుడైనదీ కానిదీ అచ్చువేయగలిగితే నిస్సంకోచంగా వేయండి. వేయలేని ఫోటోను మానుకొనండి. మూడు పట్టణాల కళాశాలలు వంతులవారీగా ఆతిథ్యమిచ్చే చిన్న పోటీ ఒకటి ఏటేటా జరుపుకొనవచ్చును. ఊరి ప్రజలను ఉచితంగా పిలవండి. ఆటో మీద మైకు పెట్టి రెండు భాషలలో చాటండి. కొడుకు ఆటను తల్లిదండ్రులు గీత ప్రక్కన నిలబడి ఒక్కసారి చూస్తే, 'ఆట పిల్లలను చెడగొడుతుంది' అనే మాట సగం తగ్గుతుంది.

ఆ మాటను మిగిలిన సగం తగ్గించే బాధ్యత ఆటగాళ్ళది. విద్యార్థి మిత్రులారా, హాజరు తగ్గినవాడు మైదానంలోకి రాకూడదనే నియమాన్ని మీరే కోరండి. అసర్ నమాజుకు, మగ్రిబ్ నమాజుకు నడుమగల సమయం సాధనకు చాలును. పాఠాల గంటను ముట్టనక్కరలేదు. దూరపు పల్లెల బస్సు అందుకోవలసినవారికి వారంలో కొన్ని రోజులు ఉదయపు సాధన ఉండవలెను. లేకుంటే జట్టు పట్టణపు పిల్లలదే అవుతుంది. అట్లే అధ్యాపకులమైన మేము కూడ పోటీకి వెళ్ళి వచ్చిన విద్యార్థికి తప్పిన పాఠం మరల చెప్పుటకు సిద్ధపడవలెను. నియమం ఒక ప్రక్కనే ఉంటే అది శిక్ష అవుతుంది.

ఇంకొక మాట చెప్పక ముగించలేము. మన తరగతులలో ఆడపిల్లలు ఉన్నారు, మైదానంలో లేరు. మైదానాన్ని వారికి ప్రత్యేక సమయంలో కేటాయించి, మహిళా శిక్షకురాలిని నియమిస్తే తల్లిదండ్రులు అంగీకరించరని ముందే అనుకొనుట తగదు. అడిగి చూడవలెను. చందా లెక్కలో వారి బూట్లకు కూడ ఒక పద్దు ఉండవలెను.

పాలకవర్గ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. జట్టును ఎత్తివేయకండి, అమ్మకానికీ పెట్టకండి. మూడేండ్లపాటు ఈ పద్ధతిలో నడిపి చూడండి. ఈ మూడేండ్లలో మనం ఒక్క కప్పూ గెలువకపోవచ్చు. ఆడినవారందరూ డిగ్రీ పట్టాతో, ధృఢమైన దేహంతో, ఓటమిని తలవంచక స్వీకరించే గుణంతో బయటికి వెళ్ళితే ఖర్చు వసూలైనట్లే. అప్పుడు తాలీమ్ అనే మాటకు గల రెండు అర్థాలూ మన ప్రాంగణంలో మరల ఒక్కటవుతాయి. గీత అవతల నీళ్ళ సీసాలు పట్టుకొని కూర్చున్న మా మిత్రుని వంటివాడు ఈసారి గీత ఇవతల ఉంటాడు.